నాలుగో జత కాళ్ళు

వరి కంకినల్లి స్టెనియోటార్సోనీమస్ ప్రజాతికి చెందినది. ఉండి, భీమవరం వైపు చేలలో పొట్టాకు తొడిమ గోధుమరంగుకు తిరిగి, కంకిలో తాలు, మచ్చగింజలు, చిలుకముక్కులా వంగిన గింజలు కనిపిస్తే చాలామంది పొట్టకుళ్ళు అనుకుని శిలీంధ్రనాశిని కొడతారు. అది పూర్తిగా పొరపాటనీ చెప్పలేం. నల్లి గుచ్చి రసం పీల్చిన చోటే పొట్టకుళ్ళు శిలీంధ్రమూ చేరుతుంది. దాని సిద్ధబీజాలను ఈ నల్లి కూడా మోసుకొస్తుంది. అందుకే మచ్చను చూసి పేరు పెట్టడం కుదరదు, తొడిమ విప్పాలి.

లోపల ఉండేది పావు మిల్లీమీటరు పొడవున్న పారదర్శకమైన జీవి. చేతి భూతద్దంలో కదిలే నలుసే తప్ప అవయవాలు తెలియవు. 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచి, లాక్టిక్ ఆమ్లంతో ఒళ్ళు తేటపరచి, హోయర్ ద్రావణంలో గాజుపలకపై అమర్చి ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో చూడాలి. కొన్ని నల్లులను బోర్లా, కొన్నిటిని వెల్లకిలా అమర్చకపోతే సగం లక్షణాలు కనబడవు.

మొదట కుటుంబం తేల్చాలి. కొబ్బరి ఇరియోఫిడ్ నల్లికి రెండు జతల కాళ్ళే. వరి ఆకునల్లి ఒలిగోనికస్ గూడు అల్లే సాలీడు నల్లి. పెద్దదైన ఆడదానికి నాలుగు జతలూ నడిచే కాళ్ళే. కంకినల్లిది టార్సోనెమిడే కుటుంబం. ఇందులో ఆడదాని నాలుగో జత సన్నగా పుల్లలా మారి, గోరు లేకుండా పొడవాటి రోమంతో ముగుస్తుంది. మగదానికి అదే జత బలిసి పట్టుకారులా ఉంటుంది. కదలకుండా ఉన్న పిల్లదశ ఆడదాన్ని దానితోనే ఎత్తుకు తిరుగుతుంది. ముందు కాళ్ళ మధ్య కొన ఉబ్బిన జ్ఞానరోమాల జత ఆడదానికే ఉంటుంది.

అసలు చిక్కు ప్రజాతి దగ్గర. మిరప తెల్లనల్లి పాలీఫాగోటార్సోనీమస్‌దీ ఇదే కుటుంబం, కానీ అది పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. కుళ్ళిన తొడిమలో శిలీంధ్రం తినే టార్సోనీమస్ కూడా దొరకవచ్చు, గందరగోళమంతా దానితోనే. స్టెనియోటార్సోనీమస్ ఒళ్ళు సాగి, చదునుగా ఉంటుంది. రెండో, మూడో జతల కాళ్ళ మధ్య ఎడం ఎక్కువ. తొడిమకూ కాండానికీ మధ్య ఇరుకులో బతకడానికి తగిన ఒళ్ళది.

జాతి పేరుకు మగదాని నాలుగో కాలి రోమాలు చూడాలి. ఈ కంకినల్లిని 1967లో నల్లుల శాస్త్రవేత్త స్మైలీ స్పింకి అనే జాతిగా వర్ణించాడు. ఆ నమూనాలు అమెరికాలోని లూసియానాలో ఒక దోమపురుగు ఒంటిమీద దొరికాయి. మగవి తక్కువగా దొరుకుతాయి గనుక ఒక్క తొడిమతో సరిపెట్టకుండా చాలా తొడిమలు విప్పాలి. అప్పటికీ ఆడవే చిక్కితే పలకమీద ప్రజాతి పేరు మాత్రమే రాయడం పద్ధతి.