ఎవరూ ఎగరని దూరం

చెన్నై నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? ఫోనునడిగితే దాదాపు 13,900 కిలోమీటర్లని టక్కున చెబుతుంది. పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలకు ఆ అంకెతో పనేమిటి? చెన్నై విమానాశ్రయం మీనంబాక్కంలో ఎక్కి నేరుగా అక్కడ దిగే విమానమే లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే రెండు అంచెలూ కలిపి 16,000 దాకా, సింగపూర్ మీదుగా అయితే 16,500 దాకా తేలుతుంది. అందుకే ఆ ముక్కుసూటి లెక్కను ఉత్త కాగితం లెక్కగా కొట్టిపారేస్తుంటారు. నాకు మాత్రం మూడింటిలో నమ్మదగ్గది అదొక్కటే.

గోడ మీది మ్యాపు చూసి ఆ దారి పసిఫిక్ మీదుగా పోతుందనుకుంటాం. గ్లోబు మీద దారం బిగించి చూడండి. చెన్నైలో మొదలైన దారం సముద్రం దాటి గోదావరి జిల్లాల్లో ఒడ్డెక్కుతుంది, రాజమహేంద్రవరం దరిదాపుల్లోంచి ఒడిశాలోకి పోతుంది. ఎవరెస్టు పక్కనుంచి టిబెట్‌లోకి, అక్కణ్ణించి సైబీరియాకు, ఆర్కిటిక్ వలయం దాటి అలాస్కా వైపు. ఏ పైలటూ ఇష్టపడని దారి ఇది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానాన్ని గబగబా 10,000 అడుగులకు దించాలి. టిబెట్‌లో నేలే అంతకన్నా ఎత్తు. ఆపైన రష్యా గగనతలం, 2022 నుంచి అమెరికా విమానాలకు మూసిన తలుపు.

ఎవరూ వెళ్లని గీతను కొలవడమెందుకంటారా? అలాంటి కొలత ఒకటి ఈ చెన్నైలోనే జరిగింది. ఇప్పటి విమానాశ్రయం పక్కనున్న పరంగిమలై దగ్గర 1802లో సర్వేయరు విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలిచాడు. ఎండకు ఉక్కు గొలుసు సాగుతుందని దాన్ని చెక్కపెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి మరీ కొలిపించాడు. ఆ గీత ఎవరి ప్రయాణానికీ పనికిరాలేదు. కానీ దాని మీద అల్లిన త్రిభుజాలే ఏళ్ల తరబడి ఉత్తరానికి సాగి, చివరికి ఎవరెస్టు ఎత్తును తేల్చాయి. మన దారం ఆ శిఖరం పక్కనుంచే పోవడం కాకతాళీయమే అనుకోండి.

ప్రయాణికుడికి కావలసింది గంటలు, కిలోమీటర్లు కాదు అంటారు. నిజమే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గంటలే లెక్కపెట్టుకుంటారు. అయితే గంటలకు నిలకడ లేదు. పైన పడమటి గాలి జోరుగా వీస్తే తూర్పుకెళ్లే విమానం ముందే దిగుతుంది, ఎదురొచ్చేది ఆలస్యమవుతుంది. ఓ దేశం గగనతలం మూస్తే గంటలు పెరుగుతాయి. ఊళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. భూమి నున్నటి గోళం కాదు కనుక ఆ 13,900 కూడా ఖచ్చితం కాదంటారు మరికొందరు. ఆ తేడా అర శాతానికి మించదు. చుట్టుదారి ఖరీదు దాని ముందు కొండంత: దుబాయ్ మీదుగా రెండువేల కిలోమీటర్లు అదనం, అంటే నూటికి పదిహేను. రాజకీయాల వాటా, విమాన కంపెనీ వాటా రెండూ ఆ అదనంలోనే కలిసిపోయి ఉంటాయి. అసలు ఎంతో తెలియకపోతే ఈ అదనం కంటికే ఆనదు.

ఈసారి టికెట్టు కొనేముందు రెండంచెల కిలోమీటర్లు కూడి, అందులోంచి 13,900 తీసేసి చూడండి.