'నీ అమ్మ', 'మీ అమ్మ'

ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి తెచ్చిన ఒక రష్యన్ కథను ఈ మధ్య ఒక యువరచయిత నాకు చూపించాడు. అందులో రైతుకూలీ ఒకడు తన చిన్ననాటి నేస్తాన్ని ఆప్యాయంగా 'నీ అమ్మ ఎలా ఉంది?' అని అడుగుతాడు. చదివి ఉలిక్కిపడ్డాను.

ఇంగ్లీషులో 'దై' వాడుక తప్పి, అందరికీ 'యువర్' ఒక్కటే మిగిలింది. రష్యన్‌లో 'త్వోయ్', 'వాష్' రెండూ ఉన్నాయి. అయితే స్నేహితుడి తల్లిని అడిగేటప్పుడు అక్కడా 'త్వోయ్' రూపమే, అంటే 'నీ'యే. కనుక మూలం చూసినా మన అనువాదకుడికి ఒరిగేదేమీ లేదు. తెలుగులో 'ఒరేయ్' అని పిలిచేవాణ్ణి కూడా 'మీ అమ్మ', 'మీ ఇల్లు', 'మీ ఊరు' అంటాం. ఈ 'మీ'లో ఉన్నది మన్నన కాదు, బహువచనం. తల్లీ ఇల్లూ ఊరూ ఒక్కడి సొత్తు కావు. చొక్కా, చెయ్యి, కూలి మాత్రం 'నీ'వే. (ఒక్కామెకే చెందిన మొగుణ్ణి 'మీ ఆయన' అనడంలో తర్కమేమిటని నన్నడగవద్దు!) 'నీ అమ్మ' అన్నామా, కొట్లాటకు దిగినట్టే.

అదే కథలో భూస్వామి ఆ కూలీని 'నీ అయ్య చేసిన అప్పు ఎవడు తీరుస్తాడురా?' అని గద్దిస్తాడు. కూలీ 'తమ దయ' అంటాడు. ఇంగ్లీషులో రెండు చోట్లా 'యువర్' అనే ఉంది. ఆ 'నీ'ని నేను దిద్దలేదు.