గడ్‌చాందూర్ బేరం మాట ఏ పదకోశంలో దొరుకుతది?

తెలుగు మాండలికాల గురించి మాట్లాడినప్పుడల్లా ముందుగా చెప్పుకునే పుస్తకం ‘మాండలిక వృత్తి పదకోశం’. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మొదటి సంపుటం తెచ్చింది. అది వ్యవసాయ పదాలది. తర్వాతది చేనేత పదాలది. జిల్లాల్లో తిరిగి, పని చేసే మనుషుల నోటి నుంచే మాటలు పోగుచేసిన గొప్ప పని అది. మనలాంటోళ్లు దాన్ని చదివితే మాత్రం రెండు ఖాళీలు కనబడ్తయి.

ఒకటి, హద్దు. మన గడ్‌చాందూర్ అప్పుడు రాజురా తాలూకాలది. ఆ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంల, ఆదిలాబాద్ జిల్లాల ఉండె. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బొంబాయి రాష్ట్రంలకు పోయింది. పదకోశం వచ్చే నాటికి ఆదిలాబాద్ లోపల ఉన్నది, మనం బయట ఉన్నం. ఇంట్ల మాట మారలేదు, మ్యాపు మారింది.

రెండోది, పద్ధతి. వృత్తి పదకోశం వృత్తుల వారీగ నడుస్తది. నాగలికి పదాలున్నయి, మగ్గానికి పదాలున్నయి. బేరమాడుడు ఎవల వృత్తి? అమ్మేటోళ్లదీ, కొనేటోళ్లదీ, అందరిదీ. అందుకే ఆ పద్ధతిల దానికి సంపుటం దొరకది. ఇంకో చిక్కు గూడ ఉన్నది. బేరం ఒక్కో పదంల ఉండది, మాటకు మాట జవాబుల ఉంటది. మన అంగట్ల రోజూ వినబడే తీరు చూడుండ్రి:

“వంకాయ ఎట్లిచ్చినవ్ అక్కా?”
“కిలో నలభై.”
“మస్తు పిరం జెప్తున్నవ్. ముప్పైకియ్యి.”
“ముప్పైకి నాకు గిట్టది తమ్మీ. బోణీ కాలే ఇంక.”
“ముప్పై ఐదు తీస్కో, జర కొసరెయ్యి.”

ఈ ఐదు మాటలనే పరీక్షగ చూద్దాం. ‘పిరం’ మోటు మాట అనుకునేటోళ్లున్నరు. అది ‘ప్రియం’. బ్రౌన్ నిఘంటువు (1852) చూసినా ప్రియము అంటే ఎక్కువ ధర అన్న అర్థం దొరుకుతది. దీనికి ఎదురు మాట ‘అగ్గువ’కు కన్నడంల ‘అగ్గ’ అని చుట్టం ఉన్నది. పాత మాటలను మనం వాడుకల నిలబెట్టుకున్నం, అంతే.

‘గిట్టది’ ఇంకా తెలివైన మాట. అమ్మేటామె “ఇయ్య” అనలేదు. “నాకు గిట్టది” అన్నది. అంటే తలుపు మూయలేదు, ఇంకో ధర చెప్పమని సందు ఇచ్చింది. పక్క దుకాణంల మరాఠీ ఆమె గూడ ఇదే తీరుగ “మలా పరవడత్ నాహీ” అంటది. మాట వేరు, కట్టు ఒక్కటే: నాకు – మలా. ‘ఎట్లిచ్చినవ్’ సంగతీ అంతే. ఇంకా ఇయ్యనే లేదు, అయినా జరిగిపోయినట్టు అడుగుతం. మరాఠీల “కశీ దిలీ?” అని గట్లనే అడుగుతరు. తెలుగుల గీసి గీసి బేరమాడుతరు, మరాఠీల ‘ఘాసాఘీస్’ చేస్తరు. ఒకటి గీకుడు, ఇంకొకటి రుద్దుడు. మన బోణీ వాళ్లకాడ ‘భవానీ’, హిందీల ‘బోహనీ’.

సాంగ్లీ జిల్లాల కుప్వాడ్ అనే ఊరి మీద గంపర్జ్, విల్సన్ 1971ల ఒక వ్యాసం రాసిన్రు. అక్కడ కన్నడం, మరాఠీ, ఉర్దూ పక్కపక్కనే తరాల తరబడి నడిచి, మాటలు వేరుగ ఉన్నా వాక్యం కట్టు దగ్గరికొచ్చిందని చూపించిన్రు. మన బజారుకు ఆ చూపు కావాలె. కని మనోళ్లు తయారుచేసే పదాల లిస్టులు “ఇది మరాఠీ నుంచి వచ్చింది, ఇది ఉర్దూది” అని ఏరుడుతోనే ఆగిపోతున్నయి. బయాన, అడ్తి, ఉద్దెర, గిరాకి అని రాసుకుంటే పేర్లు దక్కుతయి. బేరం ఎట్ల నడిచిందో దక్కది. పైగా అట్ల ఏరుతుంటే మన మాట మొత్తం అప్పు సొమ్ములెక్క కనబడ్తది. హైదరాబాద్ పోతే మరాఠీ యాస అంటరు, చంద్రపూర్ పోతే తెలుగోళ్లు అంటరు. ఆ రెండు మాటల నడుమ పిల్లలు నోరు మూసుకుంటున్నరు.

ముందుగ పోయేది అంకెలు. బేరం అంటేనే అంకె. మరాఠీ బడిల చదివిన పిల్లలు ఇంట్ల తెలుగు మాట్లాడినా, ధర కాడికొస్తే ‘చాళీస్’, ‘పన్నాస్’ అంటరు. చారాన, బారాన లెక్కలు ఎన్నడో పోయినయి; ‘చారాన కోడికి బారాన మసాలా’ అన్న సామెతల మాత్రం బతికున్నయి. స్కాన్ చేసి పైసలేసే దుకాణంల, ధర ముద్రేసిన పొట్లం కాడ అడిగేదే లేదు. అడుగుడు లేకుంటే ‘గిట్టది’కి పనేముంది?

కాబట్టి 1962 నాటి పని మీద గౌరవం ఉంచుకునే, దాని పద్ధతిని మనం దాటాలె. పదం పక్కన అర్థం రాసుడు చాలది. ఎవలు ఎవలను అక్క అన్నరు, ఎవలు ముందు ధర చెప్పిన్రు, ఏ మాట కాడ తెలుగు నుంచి మరాఠీలకు మారిన్రు, కొసరు ఎప్పుడు అడిగిన్రు – మొత్తం సంభాషణ రాయాలె. ఇంట్ల పెద్దమనుషులు ఉన్నోళ్లు ఈ వారం అంగడికి వాళ్ల వెంట పోండ్రి. వాళ్ల బేరం వినుండ్రి, ఇంటికొచ్చినంక వాక్యం వాక్యం రాసిపెట్టుండ్రి.