‘ఆఫ్టర్ డార్క్’ నవలలో సహచర జంతువు: ప్రణయ కథనం – పాఠకానుభూతి

ఉపోద్ఘాతం

జనాదరణ పొందిన ప్రణయ నవలలను విమర్శ చాలాకాలం ‘కాలక్షేప సాహిత్యం’ అన్న ఒక్కమాటతో పక్కన పెట్టింది. 1984లో జానిస్ రాడ్‌వే ‘రీడింగ్ ది రొమాన్స్’ గ్రంథంలో, వాటిని చదివే స్త్రీల మాటలనే ఆధారంగా తీసుకొని, వారి దైనందిన జీవితంలో చదువుకున్న స్థానాన్ని పరిశీలించిన తరువాత ఆ ధోరణి కొంత సడలింది. 2003లో పమేలా రెజిస్ ఈ ప్రక్రియకు ఎనిమిది అనివార్యాంశాలను నిర్దేశించారు. ఆ ఎనిమిదింటిలో జంతువుకు చోటు లేదు. అయితే జేన్ కాసిల్ నవల ‘ఆఫ్టర్ డార్క్’ (2000) చదివినవారి మనసులో నాయికానాయకులతో సమానంగా నిలిచేది ఫజ్ అనే చిన్న జంతువు. ఇది కథకు అలంకారమా, అంగమా అన్నది తేలితే తప్ప ఈ నవల ఇచ్చే ఆనందానికి కారణం చెప్పడం సాధ్యం కాదు.

హార్మొనీ లోకం

అమెరికన్ రచయిత్రి జేన్ ఆన్ క్రెంట్జ్ భవిష్యత్కాల కథలకు వాడే పేరు జేన్ కాసిల్. చారిత్రక ప్రణయ కథలను ఆమె అమాండా క్విక్ పేరుతో రాశారు. ‘ఆఫ్టర్ డార్క్’ కథాస్థలం హార్మొనీ అనే గ్రహం. అక్కడికి వలస వచ్చిన మానవులకు భూమితో ఉన్న మార్గం మూసుకుపోయి తరాలు గడిచాయి. వారిలో అతీంద్రియ శక్తులు మేల్కొన్నాయి. ఆ శక్తులను కేంద్రీకరించడానికి అంబర్ సాధనం. నేల కింద, అంతరించిన మరో జాతి విడిచిన ఆకుపచ్చ స్ఫటికపు సొరంగాలున్నాయి. ఈ వివరాలన్నీ కథలో మాటల మధ్య జారవిడిచినట్లు వస్తాయే గాని పాఠంలా అప్పజెప్పినట్లు ఉండవు. వైజ్ఞానిక కల్పన అలవాటు లేని పాఠకులు కూడా తడబడకపోవడానికి ఇదే కారణం.

ఫజ్ ‘డస్ట్ బన్నీ’ జాతికి చెందినది. అమెరికన్ ఇళ్లలో మంచాల కింద పేరుకొనే దుమ్ము ఉండలకు ఉన్న ముద్దుపేరు అది. తెలుగులో అనువదించబోతే దుమ్ము మిగులుతుంది, ముద్దు పోతుంది. ఆరు కాళ్లు, రెండు జతల కళ్లు. ఒక జత మామూలు వేళలకు, మరొక జత వేటకు. దాని పళ్లు కనిపించాయంటే అప్పటికే ఆలస్యమైందని హార్మొనీ వాసుల నమ్మకం. ముద్దుగా కనిపించే దానిలోనే హింసకు సంసిద్ధత దాగి ఉండటం ఈ కల్పనలోని ప్రధాన సూక్ష్మం.

సాక్షిగా జంతువు

నాయిక లిడియా స్మిత్ పురావస్తు నిపుణురాలు, భ్రాంతి ఉచ్చులను విప్పగల శక్తి కలది. సొరంగాలలో జరిగిన దుర్ఘటన ఆమె జ్ఞాపకంలో కొంత భాగాన్ని చెరిపివేసింది. దానితో విశ్వవిద్యాలయంలో ఆమె స్థానం పోయింది. ఇప్పుడు ఆమె జీవనాధారం పండిత లోకం పట్టించుకోని ఒక చౌకబారు ప్రదర్శనశాల. నవలలోని అసలు గాయం ఇదే: ఒక విద్యావంతురాలి మాటకు విలువ పోవడం. వృత్తి పరువు మీద బతికే పరిశోధక లోకానికి ఈ గాయం లోతు వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ నేపథ్యంలో ఫజ్ పాత్రను గమనించాలి. లోకం లిడియాను నివేదికలతో తూచింది. ఫజ్‌కు నివేదికలతో పని లేదు. కాబట్టి నాయకుడు ఎమ్మెట్ లండన్ వచ్చేసరికి ఆమె పూర్తిగా ఏకాకి కాదు. ఆమెపై నమ్మకం ఉంచిన ప్రాణి ఇంట్లో ఒకటి ముందే ఉన్నది. దీనివల్ల ప్రణయం ఉద్ధరణగా మారే ప్రమాదం తగ్గింది. సంఘాధిపతిగా అధికారం చెలాయించిన ఎమ్మెట్ వంటి నాయకుడి ఎదుట ఈ తూకం మరీ అవసరం.

ప్రణయ కథలో తిర్యగ్జాతి సహాయకులు తెలుగు పాఠకులకు కొత్త కాదు. పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’లోని శుచిముఖి మాటలతో రాయబారం నడుపుతుంది, ఆమె చాతుర్యమే కథను కదిలిస్తుంది. ఫజ్‌కు మాట లేదు. అది ఎవరి గుణాలనూ వర్ణించదు. దాని అంగీకారమో బెదురో పాఠకులకు ప్రమాణమవుతుంది. వాక్కు సందేహాస్పదమైన చోట మౌనం సాక్ష్యమివ్వడం కాసిల్ ఎన్నుకొన్న మార్గం. డోనా హారవే 2003లో ప్రతిపాదించిన ‘సహచర జాతులు’ అనే భావనను ఈ నవలకు అన్వయించాలనిపించడం సహజమే గాని, అన్వయం సగం దూరమే వెళ్తుంది. హారవే కోరే పరస్పర బాధ్యత ఇక్కడ ఫజ్ ఆకలి తీర్చే చిరుతిళ్ల దగ్గర చాలావరకు ఆగిపోయింది.

పరిమితులు

ఫజ్ హార్మొనీకి చెందిన ప్రాణి. మనుషులు బయటివారు. వారు అంతరించిన జాతి సంపదను తవ్వి అమ్ముకొంటున్నారు. ఆ సొరంగాలపై హక్కు ఎవరిదన్న ప్రశ్నను నవల గట్టిగా అడగదు. స్థానిక ప్రాణి వలసదారు భుజమెక్కి హాయిగా కూర్చోవడంతో ఆ ప్రశ్న అవసరమే లేనట్లు అనిపిస్తుంది. ముద్దుతనం ఇక్కడ ఒక తెర.

తరువాతి నవలలలో డస్ట్ బన్నీ దాదాపు తప్పనిసరి అయింది. ‘అబ్సిడియన్ ప్రే’ (2009)లోని విన్సెంట్ ఏకంగా బొమ్మలు వేస్తుంది. అభిమానులకు అది పండుగే. కాని చిత్రకారుడైన విన్సెంట్ నవ్విస్తుందే తప్ప, ఫజ్‌లాగా ఎవరి పరువుకూ సాక్షిగా నిలబడదు.