బండెనక బండి: ఒక పాట, అనేక నోళ్లు

గడచిన వేసవిలో మా చిట్యాల దగ్గరి పల్లెలో ఒక పెండ్లి జరిపించితిని. సాయంకాలము ఊరేగింపులో యౌవనస్థులు ట్రాలీమీద పెద్ద సౌండు బాక్సులు పెట్టించి, "బండెనక బండి" పాటను డీజే దెబ్బతో మ్రోగించి గంతులు వేయుచుండిరి. సంఘ పెద్ద యొకరు నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఇది పగ పాట. మన పొల్లగాండ్లు పాడొద్దని సంఘంల చెప్పుండ్రి" అనిరి. అరుగుమీద కూర్చున్న ఒక ముసలితల్లి ఆ మాట విని, "అది మా నాయిన పాడిన పాట అయ్యగారూ. ఎట్ల వద్దంటరు?" అని అడిగెను.

ఇద్దరును నా మందలోనివారే. ఆ దినమున ఇద్దరిలో ఎవరికిని నేను జవాబు చెప్పలేకపోతిని. ఒక పాట ఒకరి నోటనుండి మరియొకరి నోటికి పోవునప్పుడు దానికేమి జరుగునో నెమ్మదిగా ఆలోచించి, ఆ జవాబు ఇప్పుడు వ్రాయుచున్నాను.

ఈ పాట నిజాము ప్రభుత్వపు కడపటి కాలమునకు చెందినది. అప్పుడు మన పల్లెలలో వెట్టిచాకిరి యుండెను. అధికారి గాని దొర గాని ప్రయాణమై వచ్చినయెడల, రైతు తన పని విడిచి, తన యెడ్లను కట్టి, తన బండిని కూలి లేకుండ తోలవలసియుండెను. జనగామ ప్రాంతమున విసునూరు దేశముఖు ఏలుబడిలో ఈ భారము మిక్కుటమై యుండెను. పాలకుర్తిలో ఐలమ్మ తన పొలమును, తన పంటను ఆ దేశముఖునకు దక్కనియ్యలేదు. మా ఊరి పేరే ఆమె ఇంటిపేరు. ఆమెను చిట్యాల ఐలమ్మ అందురు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండు తగిలి కూలెను. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినను, పోరాటము 1951 అక్టోబరు వరకు సాగెను. ఆ పోరాటములో నిలిచిన యాదగిరి అను కవి ఈ పాట కట్టెను. లోకము ఆయనను బండి యాదగిరి అని పిలుచుచున్నది.

పాటలోని మాటలను కొంచెము పరిశీలించుదము. పదహారు బండ్లు ఒకదాని వెనుక ఒకటి కట్టబడియున్నవి. ప్రభువు వాటిలో ఏ బండిలో వచ్చునని కవి అడుగుచున్నాడు. పైకి ఇది ఎగతాళివలె నున్నది. కాని ఆ బండ్లు ఎవరివి? వెట్టికి తోలినవాడు ఈ పాట వినినప్పుడు, ఆ వరుసలో తన బండిని, తన యెడ్లను చూచియుండును. ప్రభువు డంబమంతయు పేదవాని కాడిమీద నడచినదని ఆ మొదటి మాటలోనే యున్నది.

రెండవది, ఈ పాట ప్రభువును "నువ్వు" అని పిలుచును. "నీ బాంచెన్, కాల్మొక్త దొరా" అనుటకు అలవాటుపడిన నోరు ఏకవచనములో మాటలాడెను. ఇప్పటివారికి అది చిన్న సంగతి. ఆ దినములలో దానికి ప్రాణమంత ధైర్యము కావలసియుండెను. మూడవది, సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోలకొండ అను పేర్లు వరుసగా వచ్చును. అది పల్లెలనుండి బయలుదేరినవారు రాజు గుమ్మమునకు చేరు దారి. ఆ దారి చివర, గోలకొండ కోట క్రింద నీకు గోరి కట్టుదుమను బెదిరింపు కలదు. ఆ కోట దగ్గరనే కుతుబ్‌షాహీ రాజుల గోరీలున్నవి గనుక, ఏలినవారందరు ఎక్కడికి పోయిరో వినువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నేను ఈ పాటను మొదట వినినది మా తాతగారి నోట. ఆయన వెట్టి బండి తోలినవాడు. రాత్రివేళ పశువులకు మేత వేయుచు, గొంతెత్తకుండ, లోలోపల పాడుకొనెడివాడు. ఎందుకు గట్టిగా పాడవని నేను చిన్నతనమున అడిగితిని. "గట్టిగ పాడిన దినాలు వేరు బిడ్డా" అని మాత్రము చెప్పెను. ఆ మెల్లని గొంతులో భయపు గుర్తు ఇంకను మిగిలియుండెనని నాకు పెద్దవాడనైన తరువాతనే తెలిసినది.

తరువాత "మా భూమి" చిత్రము వచ్చినది. అది కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో తయారై, 1980లో విడుదలయ్యెను. బి. నర్సింగరావు నిర్మాతలలో ఒకరు. వింజమూరి సీతాదేవి సంగీతము కూర్చినది. అందులో గొంగడి వేసికొని నిలువబడి గద్దరు ఈ పాట పాడెను. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్‌రావే ఈ గద్దరు. ఆయన గొంతు బయలులో కేక వేయువాని గొంతు. ఆయన ఒక మాట విసరును, తోటివారు అందుకొందురు. మా తాత ఒంటరిగా మ్రింగుకొనిన పాటను ఆయన పదిమంది నోట పెట్టెను. పుట్టినప్పుడు ఈ పాట గుంపులోనే పుట్టినది గనుక, ఆయన దానిని మార్చలేదు. దాని గుంపును దానికి తిరిగి ఇచ్చెనని నా తలంపు. సినిమా పాట యనగానే కృత్రిమమని త్రోసివేయరాదు.

అయితే ఒక నష్టము కూడ కలిగెను. ఊరేగింపులోని పిల్లవానిని పిలిచి, ఈ పాట ఎవరిదని అడిగితిని. "గద్దరుది" అని తడుముకొనక చెప్పెను. చాలమంది ఆలాగే తలంచుచున్నారు. గొప్పగా పాడినవాని పేరు, కట్టినవాని పేరును కప్పివేసినది. గద్దరు 1997లో తుపాకి గుండ్లు తిని బ్రదికి, 2023 ఆగస్టు 6న కన్నుమూసెను. ఆయన గౌరవమునకు తక్కువ లేదు. అయినను యాదగిరి కూలి యాదగిరికి చెల్లవలెను. పనివాని కూలి బిగబట్టుట పాపమని యాకోబు పత్రికలో చదువుకొను మనము, పాట కట్టుటయు పనియే యని మరువరాదు.

తరువాత తెలంగాణ ఉద్యమ దినములు వచ్చినవి. 2002 నుండి ధూంధాం వేదికలు ఊరూర వెలసెను. పాత పోరాట పాటలు క్రొత్త గొంతులలో లేచెను. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడెను. ఇప్పుడు ఈ పాట సెల్‌ఫోనులో పిలుపు గంటగాను, పెండ్లి ఊరేగింపులో దరువుగాను వినబడుచున్నది. డీజే పెట్టెలో నాకు కలిగిన అభ్యంతరము దాని శబ్దము కాదు. అక్కడ దరువు మాటలను మ్రింగివేసినది. బండ్ల వరుస మిగిలినది. ఆ బండ్లు ఎవరివో అను ప్రశ్న పోయినది.

ఒకరి పాటను మరియొకరు పాడుట తప్పా? తప్పయినయెడల మన బైబిలే తప్పగును. మోషే సముద్రపు ఒడ్డున పాడిన పాటను మిర్యాము తంబురతో అందుకొని మరల పాడినది. హన్నా పాడిన పాటను వందల యేండ్ల తరువాత మరియ తన గర్భమునకు, తన కాలమునకు తగినట్లు మరల పాడినది. బలవంతులు దిగుట, దీనులు లేచుట, ఆకలిగొనినవారు తృప్తినొందుట రెండింటను కలవు. అయినను మరియ పాట హన్నా పాటకు నకలు కాదు. తన బ్రదుకునే పణముగా పెట్టి ఆమె దానిని పాడినది.

దూరదేశమునుండియు ఒక సాక్ష్యము కలదు. 1945లో అమెరికాలోని చార్లెస్టన్ పట్టణమున పొగాకు కర్మాగారపు పనివారు సమ్మె చేసిరి. వారిలో అనేకులు నల్లజాతి స్త్రీలు. తమ గుడులలో పాడుకొను ఒక పాటను వారు సమ్మె పాటగా పాడిరి. అది నోట నోట మారుచు "వి షల్ ఓవర్‌కమ్" అయినది. 1963లో వాషింగ్టనులోని గొప్ప సభలో జోన్ బేజ్ దానిని పాడెను. మన బడులలో పిల్లలు పాడు "హమ్ హోంగే కామ్‌యాబ్" దాని హిందీ రూపమే. అక్కడ గుడి పాట వీధిలోనికి పోయెను. ఇక్కడ వీధి పాట గుడి వాకిట నిలిచి, లోపలికి రావచ్చునా యని అడుగుచున్నది.

పగ సంగతి మిగిలియున్నది. గోరి కట్టుదుమను మాట పగ మాటయే. దానిని నేను మెత్తపరచను. కాని 137వ కీర్తన చివర నున్న మాటలు అంతకంటె భయంకరమైనవి. దేవుడు వాటిని తన గ్రంథమునుండి కొట్టివేయలేదు. నలిగినవాడు తన కడుపులోని మంటను దాచకుండ దేవుని యెదుట చెప్పవచ్చుననుటకు అవి అక్కడ నిలిచియున్నవి. పగ తీర్చుట ప్రభువు పని యని పౌలు వ్రాసిన మాటయు నిలిచియున్నది. గనుక ఈ పాటను ఒక జనము తాను పడిన బాధకు చెప్పిన సాక్ష్యముగా పాడవచ్చును. నేడు పొరుగువానిమీద, అతని కులము మీద, అతని మతము మీద విసరు రాయిగా పాడరాదు. నిజాము దినములలో బాధించినవారిలోను బాధపడినవారిలోను అన్ని మతములవారు ఉండిరి.

కావున నేను సంఘములో కట్టడి చేయలేదు. మరుసటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఆ యౌవనస్థులను ముసలితల్లి ఇంటికి తీసికొనిపోతిని. ఆమె వారికి పాటకంటె ముందు బండి సంగతి చెప్పెను. నాట్ల దినములలో వాళ్ల నాయన యెడ్లను వెట్టికి పట్టుకొనిపోగా, ఆ యేడు వాళ్ల మడి బీడు పడినదట. తరువాత పాట పాడెను. డీజే లేదు, డప్పు లేదు. రెండవమారు పాడునప్పుడు పిల్లలు మెల్లగా అందుకొనిరి. పాట కట్టినది యాదగిరి యని నేను చెప్పగా, ఒకడు సెల్‌ఫోనులో ఆ పేరు వ్రాసికొనెను.

ఆ సంఘ పెద్ద ఇంకను ఒప్పుకొనలేదు. ఆయన భయమును నేను తృణీకరింపను. పాట రాయియగుట నేనును చూచితిని. కాని పిల్లలను పాడవద్దని చెప్పుటకంటె, ఎవరి కాడిమీద ఆ పదహారు బండ్లు నడిచెనో వారికి చెప్పి పాడించుట మేలు. ప్రియులారా, మీ ఊళ్లలోను ఇట్టి ముసలివారు ఇంకను కొందరున్నారు. వారు పోకమునుపు వారి యొద్ద కూర్చుండుడి.