ఫోటో వెనక రాత

మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. వెనక పెన్సిలుతో "పెద్దదాని పెళ్ళి, తుని, ఎండాకాలం" అని రాసి ఉంది. ముందువైపు ముఖాలు వెలిసిపోయి ఎవరు ఎవరో తెలియడం లేదు గానీ, వెనక రాత మాత్రం పోలేదు. ఆ ఫోటో మా ఇంట్లో ఉన్నా, రేపు మా అత్తయ్య మనవడి చేతికి వెళ్ళినా, రాత కూడా దాంతోపాటే వెళ్తుంది.

ఫోటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ ఏది చూసినా నేను మొదట అడిగేది దీని గురించే. నడుం పడిపోయేలా కూర్చుని వేల ఫోటోలకు పేర్లు పెడతాం కదా, ఆ రాత ఫోటో వెనక పడుతోందా, సాఫ్ట్‌వేర్ సొంత పుస్తకంలో పడుతోందా? రంగులు ఎవరు బాగా దిద్దుతారు, ఎవరు చురుగ్గా తెరుచుకుంటారు అన్నవి నాకు ఆ తర్వాతే.

ఈ ప్రశ్నతోనే రెంటిని పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి అడోబీ వాళ్ళ లైట్‌రూమ్. 2007లో వచ్చింది, 2017లో రెండుగా చీలింది. నేను చెబుతున్నది ఫోటోలు మన కంప్యూటర్లోనే ఉంచుకుని వాడే లైట్‌రూమ్ క్లాసిక్ గురించి. దీనికి చందా కడుతూ ఉండాలి. రెండోది డిజికామ్. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. లినక్స్ వాళ్ళ కేడీఈ కుటుంబంలో పుట్టినా విండోస్ మీదా మ్యాక్ మీదా నడుస్తుంది. ఒకే పెళ్ళి ఫోటోల ఫోల్డరుకు రెండు నకళ్ళు తీసి, చెరొకదానికి చూపించాను.

లైట్‌రూమ్ పాతకాలపు గుమస్తా లాంటిది. మీరు ఏది చెప్పినా ముందు తన చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాకు కేటలాగ్ అని పేరు. ట్యాగులు, చుక్కలు, క్యాప్షన్లు, రంగుల దిద్దుబాట్లు అన్నీ ఆ ఒక్క ఫైల్లోనే. అసలు ఫోటోను ముట్టుకోదు, అది దాని గొప్పతనం. అయితే గుమస్తాకు చెప్పకుండా విండోస్‌లో ఫోల్డరును మరో డ్రైవులోకి జరిపారనుకోండి, చిట్టాలో పాత చిరునామాయే ఉండిపోతుంది. ఫోల్డరు పేరు దగ్గర ప్రశ్నార్థకం కనిపిస్తుంది. కుడి క్లిక్కు కొట్టి కొత్త చోటు చూపిస్తే సర్దుకుంటుంది గానీ, మొదటిసారి చూసినవాళ్ళకు గుండె జారుతుంది. చిట్టాలో ఉన్నదాన్ని ఫోటో వెనక కూడా రాయించవచ్చు. కేటలాగ్ సెట్టింగుల్లో మెటాడేటా పేజీకి వెళ్తే, మార్పులను ఎక్స్‌ఎంపీలోకి, అంటే ఫోటో వెంట వెళ్ళే రాతలోకి, తనంతట తానే రాసే టిక్కు ఒకటుంది. కొత్తగా వేసుకున్నప్పుడు అది ఖాళీగానే ఉంటుంది. నన్నడిగితే లైట్‌రూమ్ వేసుకున్నవాళ్ళు మొదట చేయాల్సిన పని ఆ టిక్కు పెట్టడం.

డిజికామ్‌కూ ఒక చిట్టా ఉంది, లేదని కాదు. కాని మొదటిసారి తెరిచినప్పుడే, ఏ ఫోటోనూ చూపించకముందే, మీరు రాసే సమాచారాన్ని ఫైళ్ళలోకి కూడా ఎక్కించమంటారా అని అడుగుతుంది. లైట్‌రూమ్ మూలన దాచిన టిక్కును డిజికామ్ గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతోంది. రెంటికీ ఉన్న స్వభావ భేదమంతా నాకు ఇక్కడే కనిపించింది.

ఇది చాదస్తం అనుకునేవాళ్ళకు పికాసాను గుర్తు చేస్తాను. 2004లో గూగుల్ కొనుక్కుని ఉచితంగా ఇచ్చిన ఆ ఫోటోల ప్రోగ్రాం మన ఇళ్ళలో ఎంతమంది కంప్యూటర్లలో ఉండేదో! 2016 మార్చిలో దానికి మంగళం పాడేశారు. అందులో రాసిన క్యాప్షన్లు జేపెగ్‌ల లోపలికే వెళ్ళాయి గనుక ఈనాటికీ ఏ ప్రోగ్రాంలో తెరిచినా కనిపిస్తాయి. కష్టపడి పేర్చుకున్న ఆల్బములు మాత్రం పికాసా సొంత లెక్కల్లో ఉండిపోయాయి. ఒకే సాఫ్ట్‌వేర్ పోయినప్పుడు ఏది మిగిలింది, ఏది పోయింది అన్నది రాత పడిన చోటును బట్టే తేలింది. లైట్‌రూమ్‌లోనూ అంతే. పైన చెప్పిన టిక్కు పెట్టినా కలెక్షన్లు, వర్చువల్ కాపీలు కేటలాగ్‌లోనే ఉంటాయి, ఎక్స్‌ఎంపీలోకి దిగవు. అందుకే ముఖ్యమైన కలెక్షన్ ఏదైనా కట్టుకుంటే, అదే పేరుతో ఒక ట్యాగు కూడా తగిలించి పెడతాను.

కెమెరా పట్టింది పట్టినట్టే దాచే రా ఫైళ్ళ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. జేపెగ్ అయితే రాత దాని లోపలికే పోతుంది. కెమెరా కంపెనీల రా ఫైళ్ళ జోలికి పోకుండా, పక్కన చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు పెట్టడం మర్యాద. రా ఫైలు డీఎస్‌సీ_1234.ఎన్‌ఈఎఫ్ అయితే, ఆ పక్క ఫైలుకు లైట్‌రూమ్ పెట్టే పేరు డీఎస్‌సీ_1234.ఎక్స్‌ఎంపీ. డిజికామ్ పెట్టేది డీఎస్‌సీ_1234.ఎన్‌ఈఎఫ్.ఎక్స్‌ఎంపీ. రెండూ ఒకే ఫోటో గురించే అయినా ఒకరి చీటీ ఒకరి కంటపడదు. డిజికామ్ సెట్టింగుల్లో పక్క ఫైళ్ళ పేర్లను వాణిజ్య ప్రోగ్రాములకు సరిపోయేలా పెట్టే టిక్కు ఉంది. రెండూ వాడే ఉద్దేశం ఉంటే ముందే అది పెట్టుకోవాలి.

ఇక రెంటికీ చూపించిన ఆ పెళ్ళి ఫోటోల సంగతి. డల్లాస్ నుంచి వచ్చిన మా బావ కెమెరా గడియారం అక్కడి సమయంలోనే ఉండిపోయింది. ఫిబ్రవరిలో డల్లాస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా. ముహూర్తం రాత్రి 11.52కి. బావ కెమెరా లెక్కలో అది అదే రోజు మధ్యాహ్నం 12.22. నా ఫోటోలూ బావ ఫోటోలూ కలిపి సమయం ప్రకారం పేర్చేసరికి భోజనాల బంతి మధ్యలో పెళ్ళి జరిగిపోయింది. ఒక ఫ్రేములో గుత్తివంకాయ వడ్డిస్తున్నారు, పక్క ఫ్రేములో వధూవరులు జీలకర్రబెల్లం పెట్టుకుంటున్నారు. ఆ తర్వాతి ఫ్రేములో మా బాబాయి అరిటాకు ముందు కూర్చుని పెరుగు కోసం చెయ్యి చాపుతున్నాడు.

రెండు సాఫ్ట్‌వేర్లలోనూ దీనికి మందుంది. నా దగ్గరున్న లైట్‌రూమ్‌లో టైమ్ జోన్ సవరణ పూర్తి గంటల్లోనే జరుగుతుంది. ప్రపంచంలో అరగంట తేడాతో బతికేవాళ్ళం కొందరమున్నామని ఆ జాబితా రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు. దానికి అడ్డదారి ఉంది. ఒక ఫోటోను ఎంచుకుని దాని అసలు సమయం ఇస్తే, ఎంచుకున్న మిగతావన్నీ అంతే దూరం జరుగుతాయి. డిజికామ్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లు విడివిడిగా ఇవ్వవచ్చు. అంతకంటే ముచ్చటైనది ఇంకోటుంది. గడియారం కనిపించే ఫోటో ఒకటి దానికి చూపించి, అందులో ఎంతైందో చెబితే తేడా తనే లెక్కగట్టుకుంటుంది. బావ తీసిన అప్పగింతల ఫోటోలో మండపం గోడ గడియారం పడింది కదా అని దాన్నే చూపించాను. అది ఐదు నిమిషాలు ముందు నడిచే గడియారమని తర్వాత తేలింది. ఇప్పుడు ఏ వేడుకకు వెళ్ళినా, కెమెరా పట్టుకున్న ప్రతివాళ్ళ చేతా నా సెల్‌ఫోన్ గడియారానికి ఒక ఫోటో తీయిస్తున్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు, తీస్తారు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలది వేరే గోడు. మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోవడమే కాక, ఎప్పుడు తీశారన్న ఎగ్జిఫ్ సమాచారం కూడా ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపమని ఎంత మొత్తుకున్నా పిన్నులూ అత్తయ్యలూ వినరు. మిగిలేది ఫైలు పేరే: ఐఎంజీ-20190214-డబ్ల్యూఏ0007. అందులో కనీసం తేదీ ఉంది. డిజికామ్ ఆ పేరులోంచి తేదీని ఏరుకుని ఫోటోలో పెట్టగలదు. లైట్‌రూమ్ ఫైలు తయారైన తేదీని తీసుకుంటుందే తప్ప, పేరు చదవదు. ఫోన్ మార్చి, ఫైళ్ళు నకలు చేసుకున్నాక ఆ తయారైన తేదీకి అర్థం ఉండదు. మన కుటుంబాల ఫోటోల్లో సగం వాట్సాప్‌వే అయినప్పుడు ఇది చిన్న విషయమేమీ కాదు.

ఇంతవరకూ చదివి లైట్‌రూమ్‌ను తీసిపారేస్తున్నాననుకోకండి. ఏరడంలో దాని చురుకు వేరు. క్యాప్స్ లాక్ వేసుకుని పీ నొక్కితే ఉంచడం, ఎక్స్ నొక్కితే తీసేయడం. నొక్కగానే తర్వాతి ఫోటోకు తనే వెళ్ళిపోతుంది. ఒక చేత్తో కాఫీ తాగుతూ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వందల ఫోటోలు ఏరవచ్చు. డిజికామ్‌లో ఇదే పనికి ఆల్ట్ పట్టుకుని అంకె నొక్కాలి, కాఫీ చల్లారుతుంది. దాని మెనూలు మా ఊరి సంతలా ఉంటాయి, అన్నీ దొరుకుతాయి, ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళకి.

రంగుల దగ్గరికొస్తే పోటీయే లేదు. కల్యాణ మండపాల్లో ఇప్పుడు ఊదా, నీలం ఎల్‌ఈడీలు పెడుతున్నారు. మంగళస్నానం నాటి పసుపు ఛాయ మీద ఆ వెలుతురు పడితే పెళ్ళికూతురి ముఖం పాచి రంగులోకి తిరుగుతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ల రా ఫైల్లో 16,384. ఆ మెట్లన్నీ వాడుకుని చర్మం రంగును మళ్ళీ మనుషుల్లోకి తేవడంలో లైట్‌రూమ్‌ది అందె వేసిన చెయ్యి. 2021 నుంచి మనిషిని, ఆకాశాన్ని తనే గుర్తుపట్టి విడదీస్తోంది కూడా. పెళ్ళికూతురిని మాత్రమే పట్టుకుని రంగు సర్ది, వెనక అలంకరణను అలాగే వదిలేయవచ్చు. చేసిన మార్పులకు పట్టే చోటు మామూలుగా కొన్ని కిలోబైట్లే. డిజికామ్ ఎడిటర్ రా ఫైలును తెరుస్తుంది, ఫలితాన్ని మరో ఫైలుగా దాస్తుంది. 24 మెగాపిక్సెళ్ళ ఫోటోను కుదించకుండా 16 బిట్ల టిఫ్‌గా దాస్తే సుమారు 144 ఎంబీ. పది ఫోటోలు దిద్దేసరికి ఒకటిన్నర జీబీ దగ్గరికి వెళ్తుంది.

అయితే ఆ కిలోబైట్లలో ఉన్నది వంట తీరు. దాన్ని ఎక్స్‌ఎంపీలో రాసిపెట్టినా, అదే రుచి తీసుకురావడం అడోబీ వంటవాడికే తెలుసు. పేరు, ఊరు, తేదీ ఏ ప్రోగ్రాం అయినా చదువుతుంది, రంగుల వంట చదవదు. చందా ఆపేస్తే లైట్‌రూమ్ తలుపులు పూర్తిగా మూయదు. ఫోటోలు చూసుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు. వంటగది అయిన డెవలప్ విభాగానికి మాత్రం తాళం పడుతుంది. నేను చేసే పని ఇది. ఏరడం, రంగులు లైట్‌రూమ్‌లో. నచ్చినవాటిని పూర్తి సైజు జేపెగ్‌లుగా బయటికి తీయడం. ఆ జేపెగ్‌లకు పేర్లు, క్యాప్షన్లు డిజికామ్‌లో. రెండు వంటిళ్ళు ఎందుకని మా ఇంట్లో అడుగుతారు. నాలాగా రంగుల పిచ్చి లేనివాళ్ళకు డిజికామ్ ఒక్కటీ చాలు, నిజమే.

తెలుగులో రాసేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఫోటో వెనక రాతకు ఐపీటీసీ అనే పాత గడి ఒకటుంది. వార్తాసంస్థల కోసం పెట్టిన పద్ధతి. అందులో ఒక్కో కీవర్డుకు 64 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ విడివిడిగా మూడేసి బైట్లు. "కనకదుర్గమ్మ తెప్పోత్సవం" అని రాయండి, మొత్తం 67 అవుతాయి. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించే ప్రోగ్రాం దాన్ని 64 దగ్గర కోస్తే చివరి సున్న ఎగిరిపోయి "తెప్పోత్సవ" మిగులుతుంది. కొత్త ఎక్స్‌ఎంపీ గడిలో ఈ హద్దు లేదు. ఏ గడిలో రాయాలో డిజికామ్‌లో ఎంచుకోవచ్చు. ఇక్కడ లైట్‌రూమ్ చేసే మేలూ ఒకటుంది. ఒక కీవర్డుకు మారుపేర్లు ఇవ్వనిస్తుంది. బతుకమ్మ అని తెలుగులో ఒకసారి పెట్టి, ఇంగ్లీషులో ఎవరెవరు ఎలా రాస్తారో ఆ స్పెల్లింగులన్నీ కింద పడేస్తే, అవీ ఫోటోతోపాటే వెళ్తాయి.

పోయిన నెల నాయనమ్మ ఫోటోను రెండు వైపులా స్కాన్ చేశాను. తేదీ పెడదామని చూస్తే ఎగ్జిఫ్ గడి ఏడాది, నెల, రోజు మొదలుకుని సెకన్ల దాకా అడుగుతోంది. లైట్‌రూమ్‌లోనూ అదే అడిగింది, డిజికామ్‌లోనూ అదే. ఏ సంవత్సరమో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. తేదీ గడిని వదిలేసి, క్యాప్షన్‌లో నాయనమ్మ రాసినట్టే రాశాను: పెద్దదాని పెళ్ళి, తుని, ఎండాకాలం.