హల్కూ సోమరియా?

అభ్యుదయ సాహిత్యం శ్రమను కీర్తించింది. చెమటోడ్చేవాణ్ణి శతాబ్దాల తరబడి గుమ్మంలోకి రానివ్వని కావ్యసంప్రదాయం మీద అది చేసిన తిరుగుబాటు న్యాయమైనది. అయితే ఆ ఉత్సాహంలో, నాగలి పట్టినవాడు నాయకుడయ్యాడు గాని నాగలి దించి చెట్టుకింద నడుం వాల్చినవాడు కాలేదు. అలసటను వర్ణించినప్పుడు కూడా మన రచయితల్లో చాలామంది దాన్ని రాబోయే ఆవేశానికి ముందుగడియగానే చూశారు. విశ్రాంతి తనంత తానుగా సాహిత్యవస్తువు కాగలదా?

ఈ ప్రశ్నకు ప్రేమ్‌చంద్ 1930లో వ్రాసిన ‘పూస్ కీ రాత్’ కథను మించిన పరీక్ష లేదు. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు అధ్యక్షుడుగా వున్న రచయిత వ్రాసిన కథ యిది. హల్కూ అనే పేదరైతు కూలి డబ్బుల్లో పైసా పైసా మిగిల్చి కంబళి కోసం మూడు రూపాయలు దాచుకొంటాడు. అప్పులవాడు వచ్చి ఆ మూడు రూపాయలూ పట్టుకుపోతాడు. పుష్యమాసపు చలిలో, పాత దుప్పటితో, జబ్రా అనే కుక్కను దగ్గరకు తీసుకొని హల్కూ చేను కాపలా కాస్తాడు. చలికి ఆగలేక పక్క మామిడితోటలో ఆకులు పోగుచేసి మంట వేసుకొంటాడు. నీలుగాయల మంద చేలో పడుతుంది. కుక్క అరుస్తూనే వుంటుంది. అతను లేచి రెండు మూడడుగులు వేస్తాడు. గాలి కోస్తుంది. వెనక్కి వచ్చి మంట దగ్గర కూర్చొని, చివరకు నిద్రపోతాడు. తెల్లవారేసరికి చేనంతా నాశనమై వుంటుంది. ఇక రాత్రిళ్ళు యీ చలిలో పడుకొనే బాధ తప్పిందని హల్కూ సంతోషిస్తాడు.

ఆ సంతోషం చాలామంది పాఠకులకు మింగుడుపడదు. కొందరు దీన్ని బాధ్యతారాహిత్యమంటారు, కొందరు నిరాశావాదమంటారు. రెండు తీర్పులూ తొందరపాటువే. ఆ పంటలో హల్కూ వాటా ఎంత? శిస్తూ అప్పూ పోగా అతనికి ఏమీ మిగలదని కథ మొదటి పుటలోనే మూడు రూపాయలు మనకు చెప్పాయి. పంట అతనిది కాదు. ఆ రాత్రి అతనిదై వున్నవల్లా ఆ కాస్త వెచ్చదనమూ, ఆ కాస్త నిద్రా. వాటిని మాత్రం అతను వదులుకోలేదు. ప్రేమ్‌చంద్ అతన్ని మెచ్చుకోడు, మందలించడు. లెక్క మన ముందు పెట్టి వూరుకొంటాడు.

చెహోవ్ 1888లో యిదే వస్తువును మరింత భయంకరమైన చోటికి తీసుకుపోయాడు. ‘నిద్ర వస్తోంది’ అనే అర్థం వచ్చే పేరుగల ఆ కథలో పదమూడేళ్ళ వార్కా ఒక చెప్పులు కుట్టేవాడి యింట పనిపిల్ల. పగలంతా పొయ్యి వెలిగించటం, మెట్లు కడగటం, సమొవార్ సిద్ధం చేయటం. రాత్రంతా ఉయ్యాల వూపటం. కునుకు తీస్తే దెబ్బలు. చివరకు తన నిద్రకు శత్రువెవరో ఆమె ‘కనుక్కొంటుంది’: ఉయ్యాలలోని పసివాడు. వాణ్ణి చంపి హాయిగా నిద్రపోతుంది. విశ్రాంతిని పూర్తిగా లాగేసుకొంటే మనిషిలో వివేకమే మిగలదని యింత చిన్న కథలో యింత నిర్దాక్షిణ్యంగా చెప్పినవారు అరుదు. పదకొండేళ్ళ తర్వాత అదే చెహోవ్ యాల్టా సముద్రతీరంలో సెలవు గడుపుతూ విసుగెత్తిన మాస్కో బ్యాంకు ఉద్యోగి కథ కూడా వ్రాశాడు. విశ్రాంతి ఒకరికి బరువై, మరొకరికి ప్రాణమంత ఖరీదైన లోకం ఆయన ఒక్క కలం కింద యిమిడింది.

మన భాషలోనూ యీ వ్యత్యాసం దాగివుంది. ‘సెలవు’ అన్న మాట చూడండి. అనుమతీ అదే, ఆజ్ఞా అదే. దొరగారు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అన్నాం. అంటే సెలవు పైనుంచి దయచేసేది. కూలివాడి మాట వేరు: ‘నాగా’. నాగా పెడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఒకే రోజు ఒకే వూళ్ళో గుమాస్తా సెలవులో వుంటాడు, మేస్త్రీ వెనక ఇటుకలు మోసేవాడు నాగా పెడతాడు. అయితే సెలవు కూడా ఎవరో దయచేస్తే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వాన 1884లో ఆదివారం విశ్రాంతి కోరారు. వారపు సెలవు ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చింది 1891లో. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచటానికి ఆమోదం తెలిపింది. గడియారం ముల్లు వెనక్కి కూడా తిరుగుతుందన్నమాట.

ఇప్పుడు కచేరీల్లో మరో పరిభాష బయలుదేరింది. సెలవు తీసుకొని ‘రీఛార్జ్’ కావాలట! పలకరింపు తీయగానే వుంది గాని దాని వెనక వూహను పరీక్షించాలి. బ్యాటరీని ఛార్జి చేసేది బ్యాటరీ సుఖం కోసం కాదు. మధ్యాహ్నపు ఎండకు ముందే కాడి విప్పే ఆసామి కూడా ఎద్దు మీది జాలితోనే విప్పుతాడని చెప్పలేం. కొత్త ఎద్దు ఖరీదు అతనికి తెలుసు. రేపటి పనికి పనికివచ్చేటంత మేరకే నేటి విశ్రాంతిని అంగీకరించే వాదం హల్కూను ఎన్నటికీ క్షమించదు. అతని నిద్ర ఎవరి ఉత్పత్తినీ పెంచలేదు కదా!

ప్రేమ్‌చంద్‌తో నాకున్న పేచీ ఒకటి చెప్పాలి. కంబళి డబ్బు ఇవ్వనని మొదట పోట్లాడింది హల్కూ భార్య మున్నీ. యీ వ్యవసాయం మానెయ్యమని చెప్పిందీ ఆమే. తెల్లవారి వచ్చి భర్తను నిద్రలేపేదీ, కూలి చేసి శిస్తు కట్టాల్సివస్తుందని దిగులుపడేదీ ఆమే. హల్కూకు కథకుడు ఒక రాత్రంతా ఇచ్చాడు: చలి, మంట, కుక్క స్నేహం, నిద్ర. మున్నీ ఆ రాత్రి ఎలా గడిపిందో ఒక్క వాక్యం లేదు. పుట్టింటికి వెళ్ళిన నాలుగు రోజులే సెలవుగా బ్రతికిన స్త్రీలు మన ప్రతి వీధిలోనూ వున్నారు. అక్కడ కూడా పొయ్యి దగ్గర తల్లి వుంటుంది, ఆమెకు ఆ నాలుగు రోజులూ పని ఎక్కువ. హల్కూ నిద్రను సమర్థించే విమర్శకుడు మున్నీ మెలకువకు కూడా జవాబు చెప్పాలి. ఆ జవాబు ‘పూస్ కీ రాత్’లో లేదు.